ముప్ఫై నాలుగుకు ఇరవై ఎనిమిది

బాస్కెట్ బాల్ అనగానే పేజీ తిప్పేయకండి. మెక్సికో సరిహద్దున ఎల్ పాసో అని ఒక అమెరికా ఊరు. అక్కడి టెక్సాస్ వెస్టర్న్ కాలేజీ కుర్రాళ్లు 1965-66లో ఇరవై తొమ్మిది ఆటలాడి 28 గెలిచారు. ఓడిన ఆ ఒక్కటీ సియాటిల్ చేతిలో, రెండే పాయింట్లతో!

1966 మార్చి 19న ఫైనల్. ఎదుట కెంటకీ, అందరూ తెల్లవాళ్లే. వీళ్ల కోచ్ డాన్ హాస్కిన్స్ తెల్లవాడే గాని, ఆ రాత్రి ఆడించిన ఏడుగురూ నల్లవాళ్లు. దక్షిణాదిన చాలా కాలేజీలు నల్లవాళ్లను జట్టు గడప తొక్కనివ్వని రోజులవి. వాళ్లకు నిలకడ లేదనీ, నడిపించడానికి ఒక్క తెల్లవాడైనా ఉండాలనీ అనేవారు.

బాబీ జో హిల్ వెంటవెంటనే రెండుసార్లు కెంటకీ వాళ్ల చేతుల్లోంచి బంతి కొట్టేసి బుట్టలో వేశాడు. అందరూ చెప్పుకునేది అదే. నాకు మాత్రం లెక్కల పట్టీ ముచ్చట. ఆట నడుస్తుండగా బుట్టలో పడ్డవి కెంటకీవి 27, వీళ్లవి 22. మరి 72-65తో ఎట్లా గెలిచారంటారా? ఫ్రీ త్రోలు! గీత దగ్గర ఒంటరిగా నిలబడాలి. వేలమంది కళ్లు వీపుమీదే. చెయ్యి వణికిందో, అంతే సంగతులు. ముప్ఫై నాలుగుకు ఇరవై ఎనిమిది వేశారు, నిలకడ లేనివాళ్లు!

కెంటకీ తన జట్టుకు మొదటి నల్ల కుర్రాణ్ణి తీసుకున్నది 1969లో.