టెస్టింగ్ పూర్తయిందని రాసినవాళ్లం

మన సర్వర్లలో నడిచే సెంట్ ఓఎస్ 7 లినక్స్‌కి 2024 జూన్ 30తో సపోర్ట్ గడువు తీరిపోతుందని మనకు ఏళ్ల ముందే తెలుసు. అయినా ఆ జూలైలో సర్వర్ మీద యమ్ కొట్టి, మిర్రర్‌లిస్ట్ పేరే దొరకడం లేదన్న ఎర్రర్ చూసి, డీఎన్ఎస్ పాడైందేమోనని వెతికినవాళ్లు మనలో ఉన్నారు. పాడైంది డీఎన్ఎస్ కాదు. గడువు తీరాక మిర్రర్‌లిస్ట్‌నే ఆపేశారు.

తప్పు సెంట్ ఓఎస్ వెనకున్న రెడ్ హ్యాట్ మీద వేయడం తేలిక. 2029 దాకా ఉంటుందనుకున్న సెంట్ ఓఎస్ 8ని 2021 డిసెంబర్ 31కే ముగిస్తామని 2020 డిసెంబర్‌లో ప్రకటించారు. మనకు కోపం వచ్చింది. అందులో కొంత న్యాయం ఉంది, కాదనను. కానీ అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో మనలో ఎందరమో లినక్స్ నేర్చుకున్నది సెంట్ ఓఎస్ మీదే. ఉద్యోగాలు చేసిందీ దానిమీదే. పైసా కట్టలేదు, సరే. ఒక బగ్ రిపోర్టయినా రాశామా? కొత్త వెర్షన్ వస్తే మన పనులతో నడిపి చూశామా? పైగా 7 గడువు ఎవరూ కుదించలేదు. సెంట్ ఓఎస్ బదులు వాడుకోవడానికి ఆల్మా 2021 మార్చిలో వచ్చింది, రాకీ ఆ జూన్‌లో వచ్చింది. ఏది నిలుస్తుందో చూద్దాంలే అంటూ మూడేళ్లు 7 మీదే ఉండిపోయాం.

ఎందుకంటే భయం. ఆ భయం కూడా మనం పెంచుకున్నదే. యమ్ కాన్ఫిగ్ ఫైల్లో కెర్నల్‌ను అప్‌డేట్ నుంచి మినహాయించే ఒక్క లైన్ ఎన్ని సర్వర్లలో ఉందో! ఎప్పుడో ఒక రీబూట్ తర్వాత మెషీన్ లేవలేదు, ప్రస్తుతానికి ఈ లైన్ పెడదాం అన్నాం. పెట్టినవాళ్లు కంపెనీ మారారు, కారణం వాళ్లతోనే పోయింది. లైన్ మాత్రం ఉంది. తర్వాత వచ్చినవాళ్లం చూశాం, తీస్తే ఏమవుతుందోనని ముట్టుకోలేదు. అప్‌టైమ్ వందల రోజులు దాటితే క్లయింట్‌కి గర్వంగా చూపించాం. అన్ని రోజులూ పాత కెర్నల్ మీదే నడిచిందని చెప్పలేదు. వాళ్లు అడగలేదు కూడా, కానీ చెప్పాల్సింది మనం.

చేంజ్ రిక్వెస్ట్ ఫారంలో ఒక గడి ఉంటుంది: టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో పరీక్షించారా? అవునని టిక్ పెట్టాం. అబద్ధమని అనలేను. నిజంగానే ఒక చిన్న వర్చువల్ మెషీన్‌లో అప్‌డేట్ చేశాం, రీబూట్ చేశాం, లాగిన్ వచ్చింది. దానిమీద లోడ్ లేదు, బ్యాకప్ ఏజెంట్ లేదు, అప్లికేషన్ లేదు, అసలు సర్వర్‌లో ఉన్న పాత రెయిడ్ కార్డు లేదు. 8వ వెర్షన్‌లో కొన్ని పాత రెయిడ్ కార్డుల డ్రైవర్లు తీసేశారని, ఎన్‌టీపీడీ బదులు క్రోనీ వాడాలని రిలీజ్ నోట్స్‌లోనే ఉంది. చదవలేదు. చదివిన ఒకరిద్దరం మీటింగ్‌లో లేవనెత్తలేదు, లేవనెత్తితే ఆ పని మన నెత్తినే పడుతుంది కదా. వెనక్కి రావాల్సివస్తే? స్నాప్‌షాట్ ఉందని రాశాం. దాన్నుంచి ఒక్కసారైనా రీస్టోర్ చేసి చూడలేదు. అప్‌డేట్ చేసేది అమెరికాలో శనివారం రాత్రి, అంటే మనకు ఆదివారం పొద్దున. ఎంత త్వరగా ముగిస్తే అంత త్వరగా ఇంటికి.

2017 మేలో విండోస్ కంప్యూటర్ల మీద వన్నాక్రై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. బ్రిటన్ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ చిక్కుకున్నాయి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చి అప్పటికి రెండు నెలలు. మనవి లినక్స్ సర్వర్లు కదా అని ఊపిరి పీల్చుకున్నాం. వాళ్లు చేసిన ఆలస్యమే మనమూ చేస్తున్నామని ఆ రోజు ఎవరమూ పైకి అనలేదు.

చివరికి 7 గడువు దాటాకే కదిలాం, చాలావరకు హడావిడిగా. ఆ రాత్రుళ్లు మేలుకున్నది ఎక్కువగా నిన్నమొన్న చేరిన పిల్లలు. ఏ సర్వర్‌లో ఏ క్రాన్ జాబ్ ఏ పాత పైథాన్ మీద ఆధారపడిందో వాళ్లకు ఎలా తెలుస్తుంది? మనం రాసిపెట్టలేదు. ఇప్పుడు ఆ సర్వర్లలో చాలా వాటి మీద ఆల్మా 8 ఉంది. దీని తర్వాత ఏమిటని ఎవరైనా అడిగితే, 2029 దాకా సపోర్ట్ ఉందిగా అనే జవాబు మళ్లీ మన నోటే వస్తోంది.