సోదిలోకి రాని సోదెమ్మ

ఎదుటివాడి మాట కాస్త సాగితే చాలు, ‘సోది ఆపు’ అనేస్తాం. అర్థంపర్థం లేని వాగుడుకు ఇంతకంటే చేతికందే మాట మనకు లేదు. ఒకప్పుడు ఆ సోది కోసమే ఆడవాళ్లు వీధి తలుపు తీసి మరీ పిలిచేవారు. ఎరుకలమ్మ బుట్టతో ‘సోది చెబుతానమ్మా, సోదీ’ అంటూ వస్తే, చేటలో బియ్యం పోసి, పసుపు కుంకుమలు పెట్టి, చెయ్యి చాపి కూర్చునేవారు.

కడుపు ఎందుకు పండలేదు, తప్పిపోయిన గొడ్డు ఏ దిక్కున పోయింది, మంచం పట్టిన మనిషి ఎప్పుడు లేస్తాడు... అడిగేవి ఇలాంటివే. అత్త ముందు నోరెత్తలేని కోడలి గోడు సోదెమ్మ నోట దేవత మాటగా వెలువడితే ఇంటిల్లిపాదీ వినాల్సి వచ్చేది. జరగబోయేది చెప్పడం కన్నా ఆమె చేసిన పెద్ద పని ఇదేనంటాను.

అసలు సంగతికి వచ్చేలోగా ఆమె గ్రామదేవతలనూ, కొండదేవరలనూ, పోయిన పెద్దలనూ పేరుపేరునా తలిచేది. ఆ సాగతీతకు విసిగినవాళ్లే మాటను తిట్టుగా మార్చి ఉంటారు. అయినా పాత అర్థం ఒకచోట బతికే ఉంది. ఓట్ల లెక్కింపు రోజున ‘ఆ పార్టీ సోదిలోకే రాలేదు’ అని రాస్తుంటాం. కనీసం పేరు తలిచేపాటి కూడా కాదని.

లెక్కింపుకు ముందు టీవీల్లో చెప్పేదాన్ని మాత్రం సోది అనం. సర్వే అంటాం, విశ్లేషణ అంటాం. 2024లో లోక్‌సభ ఎగ్జిట్ పోల్స్ చాలావరకు ఎన్డీఏను 350 దాటించాయి, వచ్చినవి 293. ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ వైసీపీదే అధికారమని కొందరు లెక్కగట్టి చెప్పారు; ఆ పార్టీ 151 నుంచి 11కు పడిపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. వీళ్లకు ఆ కుడితి భయమైనా లేదు. తప్పితే పైసా తిరిగివ్వరు, చేటెడు బియ్యంతో సరిపెట్టుకోనూ లేరు.

అందరికీ సోది చెప్పిన ఎరుకలవాళ్లకు సర్కారు చెప్పిన జోస్యం ఇంకా ఘోరం. నేరస్థ తెగల చట్టం 1871లో పుట్టి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఫలానా కులంలో పుట్టిన బిడ్డ పెరిగితే దొంగే అవుతాడని ముందే రాసేసుకుని, వేలిముద్రలు తీసుకుని, పోలీసుల ముందు హాజరు వేయించుకున్న చట్టమది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ జోస్యం మీద లేచిన ఊరే. దీన్ని మూఢనమ్మకమని ఏ దొరా అనలేదు.

దేశమంతటా ఆ నేరస్థ తెగ ముద్ర కాగితాల మీద చెరిగింది 1952లో. తెర మీద మాత్రం 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ వచ్చింది, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. సోదెమ్మను కథానాయికగా పెట్టి తీసిన సినిమా నేనింకా చూడలేదు.