క్యాన్సర్ కాదంటే సరిపోతుందా?

ముక్క పరీక్ష రిపోర్టు రాగానే మన ఇళ్లలో వినిపించే మాట ఒకటే: ‘క్యాన్సర్ కాదట, ఇంకేం భయం లేదు’. పెద్ద గండం తప్పిన మాట నిజమే. కానీ ఆ రాత్రి కూడా అమ్మమ్మ పులుసు జోలికి పోదు. నోట్లో మంట అలాగే ఉంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు, పెద్ద వయసు ఆడవాళ్లలో ఇంకా పోలేదు. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కూ దీనికీ ఉన్న సంబంధం గురించి 1957లోనే వైద్య పత్రికలో రాశారు. రాష్ట్రంలోని 10,169 మంది పల్లె జనం అంగిళ్లు చూసి చేసిన అధ్యయనం 1971లో వెలువడింది. అంగిలి మీద తెల్లమచ్చ, ఎర్రమచ్చ, పుండు గురించి అంతకాలం నుంచి తెలుసు. ఆ నోటితో మనిషి ఎలా నెట్టుకొస్తోందో మాత్రం ఇంట్లో ఎవరూ అడగరు.

ముందు ఆవకాయ మానేస్తుంది. తర్వాత పులుసు, ఎండుచేపల కూర. చివరికి చోడి అంబలి కూడా బాగా చల్లారాకే. అడిగితే ‘ఆకలి లేదు నాయనా’ అంటుంది. మనమూ వయసు మీద పడిందనుకుంటాం. పెళ్లికి వెళ్లినా పంక్తిలో కూర్చోదు. పెదవి పగిలి ఉంటే నవ్వినా రక్తం చిమ్ముతుంది, ఫోనులో మాటలూ రెండు ముక్కలతో సరి. గుట్కా నమిలే కుర్రాళ్లది ఇంకో బాధ. దవడ బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు, కారం తగిలితే కళ్ల నీళ్లే.

ఇవన్నీ వైద్యం లెక్కలోకి రాని విషయాలేం కావు. నోటి జబ్బు బతుకును ఎంత కుదిపిందో కొలవడానికి 1994లో ఆస్ట్రేలియా పరిశోధకులు 49 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. తినడం, మాట్లాడటం, నలుగురిలో సిగ్గుపడటం, అన్నీ అందులో ఉన్నాయి. మన దగ్గర ఓపీలో అంత తీరిక ఎక్కడిది? అందుకే ఆమె ఏమేం తినడం మానేసిందో డాక్టరుకు చెప్పాల్సింది వెంట వెళ్లిన మనమే. మంట తగ్గే మందు, మెత్తటి ఆహారం గురించి అడగడానికి మొహమాటం ఎందుకు?

రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపిస్తే పంటి డాక్టరుకు చూపించాలి. అనుమానం ఉంటే విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చుట్ట మానితే ఇలాంటి మచ్చలు చాలావరకు తగ్గే అవకాశం ఉంది. అయితే తిట్టి మాన్పించాలని చూడొద్దు. తిట్లకు భయపడి చుట్టను దాచే మనిషి పుండునూ దాస్తుంది.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఆమె కంచంలో ఏం మిగిలిందో చూడండి. భోజనమయ్యాక కట్టుడు పళ్లుంటే తీయించి, ఫోను లైటు వేసి, అంగిలి ఒకసారి చూడండి.