పద్దెనిమిదితో గుణించి చూడండి

హాస్టల్లో నా టేబుల్ మీద ఒక మెక్‌లారెన్ ఎఫ్1 ఉంది. 1:18 స్కేలు, డైకాస్ట్, వెండి రంగు. రూముకి వచ్చిన ప్రతివాడూ ముందు దాన్ని చేతిలోకి తీసుకుని, పైకీ కిందకీ ఒకసారి ఊపి, "అబ్బ, బరువుందిరా! మంచి క్వాలిటీ" అంటాడు. కొన్నరోజు నేనూ అదే అన్నాను. ఆ మాట తప్పని నాకు తెలియడానికి మా నాన్న చూపుడు వేలు కావాల్సొచ్చింది.

ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండ్‌లోంచి పదకొండు వేలు పెట్టి కొన్నాను. కొనేముందు ఆన్‌లైన్లో చూసినవి నాలుగే: లిమిటెడ్ ఎడిషనా కాదా, సీరియల్ నంబరు ఎంత, డబ్బా నలగకుండా ఉందా, బాడీ మెటల్‌దేనా. నాలుగింటికీ టిక్కు పడింది, ఆర్డర్ పెట్టేశా. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ కారు గురించి కాదు. మళ్లీ అమ్మితే ఎంతొస్తుందన్న దాని గురించి.

సంక్రాంతికి ఇంటికి తీసుకెళ్లా. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ పని చేస్తారు. గుద్దుకున్న కార్ల డోర్లు, ఫెండర్లు సరిచేసి రంగేస్తారు. ఆయనకి "పదిహేను వందలు నాన్నా" అని అబద్ధం చెప్పా. ఆయన బరువు చూడలేదు. డబ్బా వైపు తిరిగి కూడా చూడలేదు. గుమ్మం దగ్గర వెలుగులోకి తీసుకెళ్లి, డోరు అంచు వెంబడి వేలితో మెల్లగా రాసి, "ఏరా, ఇది యాక్సిడెంటైన బండా?" అన్నారు.

నేను నవ్వా. "కొత్తది నాన్నా, బొమ్మ."

"బొమ్మయితే మాత్రం? సందు చూడు. పైన వెడల్పు, కింద ఇరుకు. హింజ్ సరిగ్గా కూర్చోలేదు. నా దగ్గర కుర్రాడు ఇలా బిగిస్తే మళ్లీ విప్పిస్తా."

ఆ మాట కాలేజీకి వచ్చాక కూడా వదల్లేదు. మెట్రాలజీ ల్యాబ్‌లో అడిగి వెర్నియర్, ఫీలర్ గేజి తీసుకున్నా. డోరు సందు పైన 0.9 మి.మీ., కింద 0.4. చూడ్డానికి చిన్న అంకెలే. కానీ ఇది 1:18 కదా, పద్దెనిమిదితో గుణించండి. పైన 16 మి.మీ., కింద 7 మి.మీ. నిజం కారుకి ఇంత సందుంటే వేలు దూరుతుంది, వానొస్తే సీటు తడుస్తుంది. నాన్న వేలికి తెలిసింది ఇదే.

తర్వాత ఎత్తు. అసలు ఎఫ్1 ఎత్తు 1140 మి.మీ., అంటే మోడల్ 63.3 మి.మీ. ఉండాలి. నాది 66. తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు, కానీ గుణిస్తే దాదాపు 5 సెంటీమీటర్లు. నేలకి అతుక్కుపోయి ఉండాల్సిన సూపర్‌కారు మన ఊరి స్పీడ్ బ్రేకర్ల కోసం లేపించుకున్నట్టు నిలబడింది. ఫొటోల్లో ఏదో తేడాగా ఉందని మొదట్నుంచీ అనిపించేది. ఆ 'ఏదో' ఇదన్నమాట.

ఇక అందరూ మెచ్చుకునే బరువు సంగతి. పొడవు 18 రెట్లు తగ్గితే ఘనపరిమాణం 18 ఘనం, అంటే 5832 రెట్లు తగ్గుతుంది. ఎఫ్1 బరువు 1138 కిలోలు. 5832తో భాగిస్తే 195 గ్రాములు. మెస్ కాటా మీద పెడితే నా మోడల్ 870 గ్రాములు తూగింది. వెనక్కి గుణిస్తే ఐదు టన్నుల పైమాటే! ఇది ఏ కారు విషయంలోనైనా తప్పే, ఈ కారు విషయంలో మాత్రం జోకు. ఎందుకంటే దీన్ని డిజైన్ చేసిన గోర్డన్ ముర్రే జీవితమంతా బరువు మీదే యుద్ధం చేశాడు. కార్బన్ ఫైబర్ మోనోకాక్ ఛాసిస్‌తో వచ్చిన తొలి ప్రొడక్షన్ రోడ్డు కారు ఇదే. వెంట ఇచ్చే టూల్‌కిట్ కూడా బరువు తగ్గడానికి టైటానియంతో చేయించారు. ఆ తేలికదనం, 6.1 లీటర్ల బీఎండబ్ల్యూ వీ12 ఇంజను కలిసి 1998లో గంటకి 386 కిలోమీటర్ల రికార్డు ఇచ్చాయి. అలాంటి కారు బొమ్మని పట్టుకుని "బరువుంది కాబట్టి బాగుంది" అంటున్నాం మనం.

బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, డైకాస్ట్ అంటే ఎక్కువగా జమాక్, జింకుతో చేసిన మిశ్రమలోహం. కరిగించి ఒత్తిడితో ఉక్కు డైలోకి పంపిస్తారు. భాగం డైలోంచి ఊడి రావాలంటే డ్రాఫ్ట్ యాంగిల్ ఇవ్వాలి, గోడలు కొంచెం మందంగా ఉండాలి. డోరు వేరుగా, బాడీ వేరుగా పోసి, రెండింటి అంచులకీ పెయింటు వేశాక రాసుకోకుండా సందు వదలాలి. ప్రొడక్షన్ టెక్నాలజీ పరీక్షలో మనం రాసేదే ఇది. ఆటోఆర్ట్ కంపెనీ బాడీలను కాంపోజిట్ ప్లాస్టిక్‌కి మార్చినప్పుడు "ఇది డైకాస్టే కాదు" అని చాలామంది కలెక్టర్లు గొడవ చేశారు. నేనూ వాళ్ల పక్షమే ఉండేవాణ్ణి. ఇప్పుడు కాదు. అంచు పదునుగా, సందు సన్నగా వస్తే ప్లాస్టిక్ అయితే ఏం? పైగా జమాక్‌లో సీసం లాంటి మలినాలు చేరితే కొన్నేళ్లకి లోహం లోపల్నుంచే ఉబ్బి పగులుతుంది. జింక్ పెస్ట్ అంటారు దాన్ని. పాత మోడల్ కొనేటప్పుడు సీరియల్ నంబరు కన్నా ముందు పెయింటు కింద బుడగలూ పగుళ్లూ ఉన్నాయేమో చూసుకోండి.

పెయింటు విషయంలో ఇంకో మోసం ఉంది. "ఒరిజినల్ కారుకి వాడే పెయింటే వాడాం" అని కొందరు గొప్పగా రాస్తారు. మెటాలిక్ రంగులో మెరిసే రేణువులు అసలు కారు మీద ఎంత ఉంటాయో మోడల్ మీదా అంతే ఉంటే, స్కేలు ప్రకారం అవి 18 రెట్లు పెద్దవైనట్టు. కారు మీద పంచదార చల్లినట్టు కనిపిస్తుంది. కాబట్టి వాళ్లు సుగుణమని చెప్పేదే ఇక్కడ లోపం.

"బొమ్మకి ఇంత రంధ్రాన్వేషణ ఎందుకురా?" అని నా రూమ్మేట్ అడిగాడు. నాలుగొందల బొమ్మయితే నేనూ వదిలేసేవాణ్ణి. పదకొండు వేలు అడిగేది 'అచ్చం అసలు కారులాగే' అన్న ఒక్క మాట మీద. ఆ మాట నిలబడిందో లేదో కొలవడం కొన్నవాడి హక్కు. కొలవడానికి నాలుగేళ్లు చదువుతున్న మనమే డబ్బా మీది నంబరు చూసి నమ్మేస్తే ఎలా?

కొలిస్తే మంచి కూడా దొరుకుతుంది. ఎఫ్1 ముందు టైరు వెడల్పు 235 మి.మీ., వెనక 315. నా మోడల్‌లో 13, 17.5 ఉన్నాయి, రెండూ సరైనవే. ఇంజను చుట్టూ అసలు కారులో వేడిని తిప్పికొట్టడానికి వేసిన బంగారు రేకు ఇక్కడా ఉంది, రంగుతోనే అయినా. అన్నిటికన్నా ముఖ్యంగా డ్రైవర్ సీటు నట్టనడుమ, దానికి రెండు పక్కలా కాస్త వెనగ్గా ఇంకో రెండు సీట్లు ఉన్నాయి.

ఉగాదికి వెళ్లినప్పుడు నాన్న ఆ సీట్ల గురించి అడిగారు. డ్రైవర్ మధ్యలో కూర్చుంటే స్టీరింగూ పెడల్సూ ఎటూ ఒరగకుండా తిన్నగా వస్తాయి, రెండు వైపులా రోడ్డు సమానంగా కనిపిస్తుంది అని చెప్పా. కాసేపు లోపలికి తొంగి చూసి, "బాగానే ఉంది. మరి టోల్‌గేటు దగ్గర డబ్బులెలా ఇస్తాడ్రా?" అన్నారు. ప్రపంచంలో మొత్తం 106 మాత్రమే తయారైన కారు గురించి మేమిద్దరం ఆ సాయంత్రం గంటసేపు మాట్లాడుకున్నాం. అంతవరకూ ఇంజనీరింగ్ గురించి ఆయనతో నేనెప్పుడూ అంతసేపు మాట్లాడలేదు.

ఆ ధైర్యంతోనే అసలు ధర చెప్పేశా. తిడతారనుకున్నా. మళ్లీ డోరు మీద వేలు పెట్టి, "పదకొండు వేలు తీసుకుని ఈ సందేంట్రా?" అన్నారు.