బడియన్నమును పరీక్షింపవలసిన దెవరు?

2024 డిసెంబరు 7వ తేదీని ఆంధ్రప్రదేశమందలి సర్కారు బడులలో తలిదండ్రుల మహాసభలు జరిగినవి. బాపట్ల పురపాలకోన్నత పాఠశాలలోని సభకు ముఖ్యమంత్రియే విచ్చేసెను. సంతోషమే. కాని తోరణములు వాడిన తరువాత బడి వంటశాలలో నడుగిడిన తండ్రు లెందరు? తెనాలి, బాపట్ల, రేపల్లె పురవాసులను మేమడుగు ప్రశ్న యిదియే.

బిడ్డ తిను నన్నము, త్రాగు నీరు, పోవు మరుగుదొడ్డి దొరతనమువారి వ్యవహారమని మనము చేతులు ముడుచుకొని యున్నాము. చట్టమట్లు పలుకుట లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 21వ విభాగము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున ముప్పాతికమంది తలిదండ్రులు, సంరక్షకులే; సగముమంది స్త్రీలు. అన్నపు నాణ్యతను, వంటతావు శుభ్రతను కనిపెట్టు భారమును 2015 నాటి మధ్యాహ్నభోజన నియమములు ఈ సంఘముపైననే యుంచినవి. అయిదవ తరగతి వరకు బిడ్డకు 450 క్యాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు; ఆపై ఎనిమిదవ తరగతి వరకు 700 క్యాలరీలు, 20 గ్రాములు. ఇది భిక్ష కాదు, హక్కు. హక్కు చేతికిచ్చినను అడుగకుండుట వినయము కాదు, ఉపేక్ష.

ఉపేక్ష ఫలమెట్టిదో 2013 జులైలో బీహారునందలి గండామన్ గ్రామమున కంటిమి. పురుగుమందు కలసిన బడియన్నము తిని 23 మంది పసివారు మరణించిరి. అట్టి వార్త విని కన్నీరు కార్చుటకంటె, ఈ నూనె యెచ్చటినుండి వచ్చెను, ఏ పాత్రలో నిలువయుంచిరి అని ముందే యడుగుట మేలు.

“మా బిడ్డలు ఫీజుల బడిలో నున్నారు, మాకేల?” యందురా? సర్కారు సాయములేని బడులలో ఈ సంఘమును చట్టము విధింపలేదు, నిజమే. అయినను 2020 నాటి ఆహారభద్రతా నిబంధనలు ఆ బడులకును చెల్లును. కొవ్వు, ఉప్పు, చక్కెర హెచ్చుగానున్న తినుబండారములను బడిలోను, బడివాకిటికి 50 మీటర్ల లోపల పిల్లలకును అమ్మరాదు. 100 గజముల లోపల పొగాకు విక్రయమును 2003 నాటి చట్టమే నిషేధించినది. మీ బడియెదుటి దుకాణపు దూర మెన్నడైన కొలిచితిరా?

పంతులుగారితో కలహింపుడని మేము చెప్పుటలేదు. వారికి తోడు నిలువుడనుచున్నాము. వంటచేయు తల్లులకు జీతము సకాలమున ముట్టుచున్నదా యనియు విచారింపుడు. 1921-22లో నాటి బాపట్ల తాలూకాలోని పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు నిరాకరించి సామ్రాజ్యమునే యెదిరించిరి. అట్టివారి మనుమలకు బడి వంటయింటి తలుపు తట్టు ధైర్యము చాలదా? ఇకమీదట సంఘపు పుస్తకమున సంతకము చేయుటకు ముందు వంట చూడుడు, ఒక ముద్ద తినుడు, అటుపిమ్మట కలము పట్టుడు.