ధనమా? ఋణమా? – యంత్రానికి ముందే చెప్పవలసిన మాట

తెలుగు బోధించేవారికి కంప్యూటరు ప్రోగ్రాములతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని మేము ఇక్కడ ఎత్తుకున్న విషయం పైకి గణితంగా కనిపించినా, మూలంలో అర్థానికి సంబంధించినది. ఒకే రాతను రెండు విధాలుగా చదివే వీలున్నప్పుడు, ఎట్లా చదవాలో ఎవరు నిర్ణయించాలి? ఎప్పుడు నిర్ణయించాలి? కావ్యం చదివే విద్యార్థికి ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో, యంత్రంతో నేరుగా మాట్లాడే ప్రోగ్రాము రాసే విద్యార్థికీ అంతే ముఖ్యం.

పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథగానూ భారతకథగానూ చదువుకోవచ్చునని మన విద్యార్థులకు తెలుసు. ఉర్దూ చదివే మిత్రులకు మరింత సులభమైన ఉదాహరణ ఉంది. జేర్, పేష్ గుర్తులు పెట్టకుండా అలిఫ్, సీన్ అనే రెండు అక్షరాలు రాస్తే, దానిని 'ఇస్' అనీ చదవవచ్చు, 'ఉస్' అనీ చదవవచ్చు. ఒకటి దగ్గరి వస్తువును చూపుతుంది, మరొకటి దూరపు వస్తువును చూపుతుంది. మనిషి సందర్భాన్ని బట్టి సరిగా చదువుకుంటాడు. యంత్రానికి సందర్భం తెలియదు. దానికి ముందే చెప్పాలి.

కంప్యూటరు జ్ఞాపకంలో 11101110 అనే ఎనిమిది బిట్లు ఉన్నాయనుకొందాము. గుర్తు లేని సంఖ్యగా, అంటే 'అన్‌సైన్డ్'గా చదివితే దాని విలువ 238. గుర్తు గల సంఖ్యగా, అంటే 'సైన్డ్'గా చదివితే అదే మైనస్ 18 అవుతుంది. బిట్లలో ఏ మార్పూ లేదు. మారినది ప్రోగ్రాము రాసినవాడు మొదట ప్రకటించిన ఒక్క మాట మాత్రమే. ఈ భేదం పుస్తకాలకే పరిమితమైనది కాదు. కోనసీమ చెరువుల్లో పెరిగిన రొయ్యలను గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీల వద్ద నిల్వ చేస్తారు. ఎనిమిది బిట్లలో ఉష్ణోగ్రతను పంపే పరికరం ఒకటి ఆ గదిలో ఉన్నదనుకొందాము. దాని మాట వినే ప్రోగ్రాము గుర్తును విస్మరిస్తే, శీతల గదిలో 238 డిగ్రీల వేడి ఉన్నదని నమ్ముతుంది. అప్పుడది మోగనవసరం లేని గంటను మోగిస్తుంది, లేదా అక్కరలేని శీతలయంత్రాన్ని పరుగెత్తిస్తుంది.

ఇటువంటి పరికరానికీ కంప్యూటరుకూ మధ్య దుబాసీగా పనిచేసే ప్రోగ్రామునే 'డ్రైవర్' అంటారు. దుబాసీ ఒక్క మాట తప్పుగా చెబితే దర్బారులో ఎంత అనర్థమో, డ్రైవరు ఒక్క సంఖ్యను తప్పుగా చదివితే యంత్రంలో అంత అనర్థం. కనుక ప్రతి సంఖ్యకూ గుర్తు పెట్టాలా వద్దా అన్నది అలవాటు ప్రకారం కాక, ఆ సంఖ్య దేనిని సూచిస్తున్నదో ఆలోచించి నిర్ణయించాలని మా అభిప్రాయం.

దీనికి సులభమైన కొలబద్ద మన చేనేతలోనే దొరుకుతుంది. బండారులంక నేత చీరలకు పేరు పొందిన ఊరు. అటువంటి ఊళ్ళలో పెరిగిన పిల్లలకు మగ్గం దగ్గర రెండు విధాలైన లెక్కలు పరిచితాలే. మొదటిది జకార్డు అట్ట. అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ రంధ్రాల వరుసలో లాభనష్టాల ప్రసక్తి లేదు. రెండవది ఖాతా పుస్తకం. మజూరీ కంటే ముందుగా తీసుకున్న సొమ్ము ఎక్కువైతే ఖాతాలో బాకీ తేలుతుంది. అక్కడ గుర్తు లేకపోతే లెక్కే లేదు.

పరికరంలోని రిజిస్టరు జకార్డు అట్ట వంటిది. అందులో ఒక్కొక్క బిట్టు ఒక్కొక్క మీట. ఒకటి మోటారును కదిలిస్తుంది, ఒకటి దీపాన్ని వెలిగిస్తుంది. అక్కడ గుర్తు లేని సంఖ్యను, అదియును ఇన్ని బిట్లు అని ఖచ్చితంగా చెప్పిన దానిని వాడడమే ఉచితం. లినక్స్ కెర్నల్‌లో యూ8, యూ16, యూ32 అనే పేర్లు ఇందుకే ఏర్పడినాయి. అట్టను ఖాతాగా భ్రమించి గుర్తు గల సంఖ్యలో ఉంచితే, బిట్లను కుడివైపుకు జరిపినపుడు సాధారణంగా ఎడమ చివరి గుర్తు బిట్టే నకలుగా వచ్చి ఖాళీలను నింపుతుంది. ఎవరూ నొక్కని మీటలు నొక్కబడినట్లు కనిపిస్తాయి. అంతేకాదు, గుర్తు లేని సంఖ్య హద్దు దాటితే తిరిగి సున్నా నుండి మొదలవుతుందని సీ భాషా ప్రమాణం హామీ ఇస్తుంది. గుర్తు గల సంఖ్య హద్దు దాటితే ఏమవుతుందో ఆ ప్రమాణం ఏ హామీ ఇవ్వదు.

ఇంతవరకు చదివి, డ్రైవర్లలో అన్నిటికీ గుర్తు లేని సంఖ్యలే మేలు అనుకొనేవారున్నారు. 'చిలపల సంఖ్య సున్నాకు తగ్గదు కదా, పొడవు సున్నాకు తగ్గదు కదా' అన్నది వారి వాదం. వాదం వినసొంపుగానే ఉంది. కాని 3 చిలపలు నిల్వ ఉన్నచోట 5 చిలపలు ఇచ్చినట్లు పద్దు పడితే ఏమవుతుంది? గుర్తు గల లెక్కలో మైనస్ 2 వచ్చి, తప్పు జరిగిందని వెంటనే తెలుస్తుంది. 32 బిట్ల గుర్తు లేని లెక్కలో 429 కోట్ల 49 లక్షల 67 వేల 294 చిలపలు నిల్వ ఉన్నట్లు తేలుతుంది! డ్రైవరు భాషలో చెప్పాలంటే, 3 బైట్లు మాత్రమే వచ్చిన సమాచారం నుండి 5 బైట్ల శీర్షికను తీసివేసి, మిగిలినది 429 కోట్ల బైట్లని నమ్మి, యంత్రం తనది కాని జ్ఞాపకస్థలంలోకి చొరబడుతుంది. భద్రతను ఛేదించేవారికి ఇది తెరచి ఉంచిన తలుపు.

ఋణాన్ని సంఖ్యగా గుర్తించి దానికి నియమాలు చెప్పినవాడు బ్రహ్మగుప్తుడు. క్రీ. శ. 628 నాటి బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ఆయన ధనము, ఋణము అన్న మాటలనే వాడినాడు. నేటికీ మన బడులలో ధన సంఖ్య, ఋణ సంఖ్య అనే అంటున్నాము. అరబ్బీ, ఫారసీ భాషల నుండి వచ్చిన జమా, ఖర్చు, బాకీ అన్న మాటలు తెలుగు పద్దు పుస్తకాలలో సొంత మాటలుగా స్థిరపడినాయి. బాకీని బాకీగా రాసుకొనే చోటు ఉండాలన్నది ఈ రెండు సంప్రదాయాలకూ తెలిసిన సంగతే.

లినక్స్ డ్రైవర్లలో ఈ లోపం ఎట్లా పొడచూపుతుందో చూడండి. పరికరానికి కేటాయించిన ఇంటరప్ట్ సంఖ్యను అడిగి తెచ్చే ఒక ఫంక్షను ఉంది. అది దొరికితే ధన సంఖ్యను ఇస్తుంది, దొరకకపోతే కారణాన్ని తెలిపే ఋణ సంఖ్యను ఇస్తుంది. ఇంటరప్ట్ సంఖ్య ఋణం కాజాలదు గదా అని ఆ ఫలితాన్ని గుర్తు లేని చలరాశిలో దాచుకున్న డ్రైవర్లు అనేకం. ఆ తరువాత 'ఇది సున్నా కంటే తక్కువా?' అని ఎన్ని మార్లు పరీక్షించినా 'కాదు' అనే జవాబే వస్తుంది. మైనస్ 6 అన్న విన్నపం 429 కోట్ల పైచిలుకు సంఖ్యగా వేషం మార్చుకుని లోపలికి పోతుంది. పరీక్ష రాసి ఉన్నది, కాని అది ఎన్నడూ పనిచేయదు. ఇటువంటి తప్పులను సరిచేసే దిద్దుబాట్లు ఆ కెర్నల్‌లో ఏళ్ళతరబడి చేరుతూ వచ్చినాయి.

అట్లని గుర్తు గల సంఖ్యయే సర్వరోగ నివారిణి అని కూడా మేము అనము. 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ బోయింగ్ 787 విమానాల విషయమై ఒక ఆదేశం జారీ చేసింది. 248 రోజులు విద్యుత్తు ఆపకుండా ఉంచితే జనరేటర్లను నియంత్రించే పరికరాలలోని లెక్క పొంగిపోయి, విద్యుత్తు మొత్తం నిలిచిపోవచ్చునని అందులో హెచ్చరించింది. సెకనులో నూరవ వంతు చొప్పున లెక్కిస్తే, 32 బిట్ల గుర్తు గల సంఖ్య నిండేది సరిగా ఆ 248వ రోజు దాటినాకనే. 2019 నవంబరులో హెచ్‌పీఈ సంస్థ తన ఎస్‌ఎస్‌డీలలో కొన్ని 32,768 గంటలు పనిచేశాక, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలకు, విఫలమై సమాచారం పోతుందని ప్రకటించి కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చింది. 16 బిట్ల గుర్తు గల సంఖ్యకు ఆఖరి మెట్టు 32,767. దాని తరువాతి అంకెయే ఇది. అక్కడ గుర్తు తీసివేసినా ప్రమాదం ఏడు సంవత్సరాల పైకి వాయిదా పడేదే గాని తొలగిపోయేది కాదు. కనుక గుర్తుతోపాటు వెడల్పును గురించి కూడా ఆలోచించవలసి ఉన్నది.

ఈ రెండు పక్షాలకూ సంధి కుదిర్చిన ఉదాహరణ లినక్స్‌లోని గడియారపు లెక్క. 'జిఫీస్' అనే ఆ లెక్క గుర్తు లేనిది. నిండినపుడు సున్నాకు తిరుగుతుంది. రెండు సమయాలలో ఏది ముందో తేల్చవలసి వచ్చినపుడు మాత్రం ఒకదాని నుండి ఒకటి తీసివేసి, ఆ తేడాను గుర్తు గల సంఖ్యగా చదువుతారు. లెక్కకు గుర్తు అక్కరలేదు, తేడాకు గుర్తు కావాలి. అందుచేత లెక్క సున్నాకు తిరిగినా పోలిక చెడదు. అంతటితో ఆగక, 32 బిట్ల యంత్రాలలో ఆ లెక్క యంత్రం మేలుకొన్న ఐదు నిమిషాలకే ఒకసారి తిరిగేటట్లు కావాలనే అమర్చినారు. డ్రైవరులో తప్పుంటే నెలల తరువాత కాక, రచయిత ఎదుటనే బయటపడాలన్నది ఉద్దేశం. ఇది అనుసరణీయమైన నిజాయితీ.

మా మాటను మూడు వాక్యాలలో చెబుతాము. బిట్ల అమరికకు, రిజిస్టరుకు, చిరునామాకు గుర్తు లేని సంఖ్య. తేడాకు, కొలతకు, వైఫల్యాన్ని తెలుపగల ఫలితానికి గుర్తు గల సంఖ్య. ఈ రెండూ కలుసుకొనే చోట ముందు పరీక్ష, తరువాత మార్పిడి.

విద్యార్థులారా, మీలో చాలామంది 'ఇంట్ యొక్క పరిధి మైనస్ 32,768 నుండి 32,767 వరకు' అని కంఠస్థం చేస్తున్నారు. అది పాత 16 బిట్ల కంపైలర్ల నాటి మాట. నేడు మీ బల్లలమీది యంత్రాలలో ఇంట్ సాధారణంగా 32 బిట్లది. అర్థం తెలియని పాఠం మార్కులు తేవచ్చు గాని, రేపు మీరు రాసే డ్రైవరును కాపాడదు. కంపైలరు సైన్డ్, అన్‌సైన్డ్ సంఖ్యల పోలికను గురించి హెచ్చరించినపుడు దాని నోరు మూయించకండి. అది శత్రువు కాదు, పద్దు సరిచూసే గుమాస్తా.

కళాశాల పాలక సంఘం వారికి మా విన్నపం ఒక్కటే. ప్రయోగశాలకు కొన్ని చిన్న మైక్రోకంట్రోలరు బోర్డులూ ఉష్ణోగ్రతను కొలిచే పరికరాలూ సమకూర్చవలెను. సున్నాకు దిగువన ఉన్న చలిని విద్యార్థి తన ప్రోగ్రాముతో తానే చదివి, 238 అన్న తప్పును తానే మైనస్ 18గా దిద్దుకొంటే, పది ఉపన్యాసాలు చేయలేని పని ఒక్క మధ్యాహ్నంలో జరుగుతుంది.

కాలం ఎంతో లేదు. 1970 నుండి సెకన్లను 32 బిట్ల గుర్తు గల సంఖ్యలో లెక్కించే యంత్రాలు 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే 1901 డిసెంబరుకు జారిపోతాయి. గుర్తు తీసివేస్తే 2106 వరకు గడువు దొరుకుతుంది, కాని 1970కి ముందు పుట్టినవారి పుట్టినతేదీకి చోటు ఉండదు. అందుకే 64 బిట్లకు మారడమొక్కటే సరియైన దారి. పెద్ద కంప్యూటర్లు చాలావరకు మారినాయి. మారవలసిన చిన్న పరికరాలు గోడలలో, మోటార్లలో, మీటర్లలో ఎన్నో మిగిలి ఉంటాయి. వాటిని వెదకి దిద్దే వయస్సు అప్పటికి మీది. ఆ పని చేయగలవారు మన తరగతుల నుండి కూడా రావాలన్నదే మా కోరిక.