అత్తగారి కోట బొమ్మ

పండగ ముందు ఇల్లు దులపడంలో మనల్ని మించినవాళ్ళు ఎవరండీ! ఆ ఉత్సాహంలో నేను చేసిన నిర్వాకం ఒకటి చెబుతాను, వినండి.

విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఇంటింటా చుట్టాలే. నేను కోడలిగా వచ్చిన మొదటి ఏడాది, గోడల మీది పటాలన్నీ దింపి తుడవబోయాను. వాటిలో ఒక పాత అచ్చుబొమ్మ. బురుజులు, సింహద్వారం, ముందు నీళ్ళు. ఏదో ఏటి ఒడ్డు కోట అనుకున్నాను. "ఏరు కాదమ్మా, అగడ్త. మన కోటే" అని మామగారు నవ్వారు. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు పూసపాటి విజయరామరాజు గారు శంకుస్థాపన చేశారని చెప్పే కోట!

బొమ్మ మీద గోధుమరంగు మచ్చలున్నాయి. ఫ్రేము విప్పి, సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాను. అంతే, అగడ్తలోని నీలం కాస్తా గుడ్డకి వచ్చేసింది. కాగితం అప్పడంలా ఉబ్బిపోయింది. అచ్చు సిరాతో వేసిన గీతలు మాత్రం చెక్కు చెదరలేదు. పైన చేత్తో అద్దిన నీటిరంగు పోయింది.

మోకాళ్ళ నొప్పులతో అత్తగారు జనంలోకి వెళ్ళలేరు. సిరిమాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంటే, ఆవిడ మంచం మీద కూర్చుని ఈ బొమ్మనే చూసుకునేవారట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. చూసి, "కోటని రేవుకేసీసినావేటమ్మా?" అన్నారు. తిట్టినా బాగుండేది.

మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉంటే భూతద్దం పెట్టి చూడండి. సన్నటి గీతలతో ఉండి, బొమ్మ చుట్టూ కాగితం నొక్కుకుపోయినట్టు గుంట కనిపిస్తే, అది లోహపు పలక మీద చెక్కి అచ్చు వేసినది. వరసగా చుక్కలు కనిపిస్తే తరవాతి కాలపు యంత్రపు అచ్చు. ఏదైనా సరే తడి తగలనివ్వకండి. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. అద్దం తుడిచే మందు కూడా అద్దం మీద కాదు, గుడ్డ మీద చల్లుకోవాలి. లేకపోతే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది.

ఫ్రేము కట్టించేటప్పుడు బొమ్మ అద్దానికి అంటుకోకుండా మధ్యలో మౌంటు పెట్టించండి. వెనక మామూలు అట్ట వద్దు. దానిలోని ఆమ్లమే కాగితాన్ని గోధుమరంగుకి తెస్తుంది. ఆమ్లం లేని అట్ట కావాలని అడగండి, పదో పరకో ఎక్కువైనా పరవాలేదు. చిరుగులకి సెల్లోటేపు అసలొద్దు. లామినేషన్ అంతకన్నా వద్దు, మళ్ళీ ఊడదీయలేం. ఎండపడే గోడా, వానకి చెమ్మ దిగే గోడా పనికిరావు.

మన తీరంలో తుఫాన్లు మామూలే కదా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఎన్ని ఇళ్ళలోకి నీళ్ళు తెచ్చాయో మనకి తెలుసు. తడిసిన బొమ్మ అద్దానికి అతుక్కుంటే లాగకండి. అలాగే తెలిసినవాళ్ళకి చూపించండి.

మా బొమ్మ కొత్త మౌంటుతో మళ్ళీ అత్తగారి మంచం ఎదురుగానే వేలాడింది. ఏటా సిరిమాను నాడు చుట్టాలకి చూపించి చెప్పేవారు: "ఇదిగో, ఇక్కడ నీళ్ళుండేవి. మా కోడలు ఎండగట్టీసింది."